సోంబరుకు దక్కిన అంతర్జాతీయ గౌరవం

"యుద్ధాల్లో పౌరుల రక్షణ గురించి ప్రపంచం ఈరోజు మన అరకు వైపు చూస్తోంది" అని మంత్రిగారు గెస్ట్‌హౌస్ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ప్రపంచం తరఫున విలేకర్లం ముగ్గురం ఉన్నాం. టిఫిను అద్భుతంగా ఉంది.

సదస్సుకు ముఖ్య వక్త డాక్టర్ లక్ష్మీప్రసాద్ గారు. పౌరుడెవరు, యోధుడెవరు అన్నదాని మీదే డాక్టరేటు పుచ్చుకున్న మహానుభావుడు. జెనీవా ఒప్పందాలు ఆయనకు కంఠోపాఠం. ఒక పౌరుణ్ణి స్వయంగా చూడాలని ముచ్చటపడితే అనంతగిరి అవతల గూడేనికి జీపులో తీసుకెళ్లారు. నేనూ వెనక సీట్లో ఎక్కేశాను.

గూడెంలో ఇటుకల పండుగ, అంటే గిరిజనుల వేట పండుగ. మగాళ్లంతా విల్లంబులతో వేటకెళ్తారు. ఉత్త చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారు. పాపం సోంబరుకు కుందేలైనా దొరకలేదు. పేడనీళ్లకు జడిసి, అందరూ ఇళ్లకొచ్చినా తను పొదలోనే నక్కాడు. విల్లుతో పొదలో ఏం పనని సదస్సు బందోబస్తు పోలీసులు అతణ్ణి పట్టుకుపోయి స్టేషన్లో కూర్చోబెట్టారు.

అతని భార్య ఈశ్వరమ్మ మా జీపుకు అడ్డం పడింది. "పెద్ద సదువులు సదివినోరంట గదా బాబూ. మావోడు ఏటీ ఎరగడని ఎస్సైబాబుకి ఒక్క ముక్క సెప్పండి."

డాక్టరుగారు కరిగిపోయి, ఆమెనూ జీపెక్కించుకుని తిన్నగా స్టేషనుకెళ్లి విచారణ మొదలెట్టారు. విల్లు దాచాడా, బాహాటంగా పట్టుకున్నాడా? బాహాటంగానే. గుంపుగా వెళ్లారా? వెళ్లారు. నడిపించిన నాయకుడున్నాడా? ఊరిపెద్ద ఉన్నాడు. ఒప్పందంలో రాసిన లక్షణాలతో సరిపోయేసరికి డాక్టరుగారి మొహం వెలిగిపోయింది.

"అమ్మా, మీ ఆయన పౌరుడు కాదు. యోధుడు."

"పంది కోసం ఎల్లాడు బాబూ" అందామె.

శత్రువెవరన్నది తర్వాతి సంగతని ఆయన ఓపిగ్గా చెప్పారు. యోధుడు గనుక సోంబరు యుద్ధఖైదీ. యుద్ధఖైదీని కొట్టకూడదు, పొగాకు ఇవ్వాలి. నేరస్థుడు కాడు గనుక కోర్టుకూ తీసుకెళ్లక్కర్లేదు. ఏ కేసు రాయాలో తోచక జుట్టు పీక్కుంటున్న ఎస్సై లేచి సెల్యూట్ కొట్టాడు. సోంబరుకు అప్పటికప్పుడు చుట్ట తెప్పించారు. మన్యంలో ఇంత మర్యాద ఇంకెవరికి జరిగింది? నాకైతే కళ్లు చెమర్చాయి.

మర్నాడు సదస్సులో డాక్టరుగారి పేపరుకు చప్పట్లు ఆగలేదు. జిల్లాలో ఒక్క పౌరుడి మీద కూడా ఈగ వాలలేదని, అసలిక్కడ యుద్ధమే లేదని మంత్రిగారు ముగించారు.

బయట ఈశ్వరమ్మ కాచుకుని ఉంది. "ఎప్పుడిడుస్తారు బాబూ? పోడు కొట్టాల, సామలు జల్లాల. నానొక్కదాన్నీ సెయ్యలేను."

"యుద్ధం ముగియగానే వదిలెయ్యాలమ్మా. చట్టం చాలా స్పష్టంగా ఉంది."

"యుద్దం ఎప్పుడైపోద్ది?"

డాక్టరుగారు మంత్రిగారి వైపు చూశారు.

"మొదలైతే కదమ్మా అయిపోవడానికి" అని మంత్రిగారు ఆమెకు నమస్కారం పెట్టి కారెక్కారు.