ఒక్క బుష్షు కోసం నాలుగు కర్రల దండయాత్ర

సహస్రకిరణుడైన భానుడు తూర్పు కిటికీల మీది ధూళిని బంగారుపొడిగా మార్చి, ఆ పొడిని గుమాస్తాల బల్లల మీద ఉచితంగా చల్లుతున్న వేళ. పది గంటలకు తెరవవలసిన మూడో నంబరు కిటికీ ఇరవై నిమిషాల ఆలస్యాన్ని ప్రజలకు ఉదారంగా ప్రసాదించిన పిదప. వృద్ధులకూ వికలాంగులకూ సహాయ పరికరాలిచ్చే సర్కారు కార్యాలయమనే మహారణరంగంలో, అద్దంలా మెరిసే నున్నని పలకల మీద, డెబ్బై ఎనిమిదేళ్ళ వీరుడొకడు బెంచీ మీంచి లేచి కుడికాలు మోపాడు. మోపి, జారి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

ఆయన గుండీల తాత. నలభై ఏళ్ళు గుండీలు, హుక్కులు, జిప్పులు అమ్మి, అసంఖ్యాక చొక్కాల వక్షఃకవాటాలను మూసి ఉంచిన మహానుభావుడు. ఏ వస్తువునైనా చూసీ చూడగానే లాభమెంతో నష్టమెంతో తేల్చగల ఆ సూక్ష్మదర్శికి ఇప్పుడు తేలనిది ఒక్కటే, ఒక చిన్న రబ్బరు ముక్క దొరికే దారి. ఆయన చేతికర్ర అడుగున జారకుండా తొడిగే రబ్బరు టోపీ, అంటే బుష్షు, అరిగి అరిగి పదహారు రోజుల కిందట ఊడిపోయింది. కర్ర సర్కారువారిచ్చినది. దాని గొట్టం కొలత లోకంలో మరే కర్రకూ లేదు. కూతురు బజారులో ఏడు దుకాణాలు తిరిగినా సరిపడే బుష్షు దొరకలేదు.

ఊడిన రోజునే ఆయన వంటింట్లో జారి ఉల్లిపాయల బుట్టలో కూర్చున్నాడు. ఎముకలకు నష్టం సున్నా, ఉల్లిపాయలు రెండు. అయినా బడిలో లెక్కలు చెప్పే ఆ కూతురు వెంటనే శాసనం జారీ చేసింది. కర్రకు బుష్షు వచ్చేదాకా నాన్న ఒంటరిగా గేటు దాటకూడదు. నాటినుంచి వీరుడు లోపలే తిరిగాడు. మెట్టు నుంచి గేటుకు ఇరవై రెండు అడుగులు, గేటు నుంచి మెట్టుకు కూడా ఇరవై రెండే. పదహారు రోజులు కొలిచినా ఒక్క అడుగు పెరగలేదు. ఈ రోజు కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టి, పన్నెండుకు వస్తానని చెప్పి బడికి పోయింది.

టోకెన్ నంబరు వచ్చింది. వీరుడు కిటికీని సమీపించి, ప్రళయమేఘ గర్జనను గొంతులో బిగబట్టి, అష్టదిక్కులూ ఆలకించునట్లు ఇలా పలికాడు.

"అమ్మా, ఈ కర్రకి బుష్షు కావాలి. ఒకటి."

కిటికీ దుర్గాధిపతి అయిన గుమాస్తా అమ్మాయి కంప్యూటరు నుంచి తల ఎత్తలేదు.

"ఒకటి రాదు తాతా. నాలుగు కలిపి ప్యాకెట్టు. వాకరు ఉన్నవాళ్ళకి ఇస్తాం. దానికి నాలుగు కాళ్ళుంటాయి కదా."

"నా కర్రకి ఒకటే కాలు."

"అందుకే రాదు."

ఆ తరువాత ఆమె ఓపికగా వివరించింది. నిధులు వచ్చాయి. కానీ పైనుంచి ఉత్తర్వు రాసినవారెవరో వాకర్ల పేరు మాత్రమే రాశారు. ప్యాకెట్టు చింపి ఒకటి ఇస్తే మిగిలిన మూడు ఏ పద్దులోనూ ఇమడవు, తనిఖీకి వచ్చినవాళ్ళు ఊరుకోరు. బీరువాలో నూట ఎనభై ప్యాకెట్లున్నాయి. ఏడాదిన్నరగా ఒక్కటీ కదలలేదు. ఎందుకంటే ఈ కార్యాలయానికి తొమ్మిది మెట్లున్నాయి, వాకరు ఉన్నవాళ్ళు ఎక్కలేరు.

వీరుడికి కోపం రాలేదు. నిజం చెప్పాలంటే కాస్త ముచ్చటేసింది. ఆరు గుండీలు కుట్టిన అట్టను తాను కూడా నలభై ఏళ్ళలో ఒక్కసారీ విప్పి అమ్మలేదు. ఆ సంగతి ఎరిగినవాడొకడు అక్కడే ఉన్నాడు. ఎడమకాలిని పసితనంలోనే పోలియోకు అప్పగించి, మెడలో కొలతటేపుతో బెంచీ మీద కూర్చున్న దర్జీ.

"గుర్తుందా బాబాయ్? ఒక్క గుండీ ఇవ్వమంటే అట్ట మొత్తం అంటగట్టేవాడివి. ఇప్పుడెలా ఉంది?"

"అంటగడితే నువ్వేం చేశావురా?"

"ఏం చేస్తాం. ఆరుగురు దర్జీలం కలిసి కొనుక్కున్నాం. తలా ఒక గుండీ."

ఆ మాటతో వీరుడి మస్తకంలో శతకోటి విద్యుల్లతలు ఒక్కసారిగా మెరిశాయి. గద్దలాంటి చూపుతో హాలునంతా గాలించాడు. తనదొక కర్ర, దర్జీదొకటి. పక్కన రిటైరైన నర్సమ్మదొకటి, ఇదే పనిమీద ఆమె రావడం మూడోసారి. ఆమె పక్కన కునుకు తీస్తున్న మాజీ బస్సు డ్రైవరుదొకటి. నాలుగూ సర్కారు కర్రలే, నాలుగూ బోసికాళ్ళే.

"నాలుగు కర్రలు కలిపితే వాకరు," అన్నాడు తాత. "లేవండి."

డ్రైవరు లేచి ఏ స్టాపని అడిగాడు.

దర్జీ కొలతటేపు నాగపాశమై నాలుగు కర్రల నడుములను చుట్టింది. నలుగురు మహారథులు నాలుగు దిక్కులా పట్టగా ఆ చతుష్పాద మహాయంత్రం కిటికీ ముందు నిలిచింది. గుమాస్తా అమ్మాయి ఈసారి తల ఎత్తింది. నిబంధనల పుస్తకం తెరిచి, వేలు పెట్టి, ఒక్కొక్క వరుసే చదివింది.

"కాళ్ళు నాలుగు. ఉన్నాయి. నాలుగూ నేలకి తగలాలి. తగిలాయి. ఎంతమంది వాడతారో రాసే గడి ఇందులో లేదు." పుస్తకం మూసింది. "పసుపు గీత దాకా నడిచి చూపించండి. అది మాత్రం తప్పదు."

గీత పన్నెండడుగుల దూరంలో ఉంది. నలుగురికి కలిపి కాళ్ళు ఎనిమిది, అందులో నమ్మదగినవి ఐదు. డ్రైవరు సారథ్యం స్వీకరించి "రైట్, రైట్" అన్నాడు. నర్సమ్మ ఆ మాట విని కుడికాలు వేసింది, దర్జీ తనకు వీలైన కాలు వేశాడు. రథం ఈశాన్యానికి తిరిగి నీళ్ళ డ్రమ్ము మీదికి లంఘించింది.

"నా కాలు తొక్కిందెవరు?" అంది నర్సమ్మ.

"రివర్సు లేదమ్మా, ముందుకే పోవాలి," అన్నాడు డ్రైవరు.

ఏడో అడుగు దగ్గర ఘోరవిపత్తు సంభవించింది. బోసిగొట్టాలు నున్నని పలకల మీద నాలుగు వైపులా జారాయి, టేపు సాగింది, నాలుగు భారీ దేహాలు ఒకదాని మీదికొకటి ఒరిగాయి. అయినా ఎవరూ పడలేదు. పడడానికి మధ్యలో ఖాళీ ఉండాలి, అది లేదు. అట్లా ఒకరి భుజం మీద ఒకరి గడ్డం ఆనించుకుని, తాబేళ్ళు సిగ్గుపడే వేగంతో, వారు పసుపు గీతను తాకారు.

మరొక్క పద్మవ్యూహం మిగిలింది. రిజిస్టరులో పేరు ఒకటే రాయాలి, రాయించుకున్నవారికి మళ్ళీ రెండేళ్ళ దాకా బుష్షు రాదు. నర్సమ్మ కిటికీ వైపు చూసింది, డ్రైవరు గడియారం వైపు చూశాడు, దర్జీ టేపు చుట్టసాగాడు. తాత మనసులో లెక్క వేశాడు. బుష్షు ఆయుర్దాయం పద్నాలుగు నెలలు. పొదుపుగా నడిస్తే పద్దెనిమిది. నిబంధన ఇరవై నాలుగు. నష్టం స్పష్టంగా కనబడుతూనే ఉంది.

"నా పేరు రాయి," అన్నాడు. "రెండేళ్ళకి మళ్ళీ వచ్చి నీతోనే బేరమాడతాను."

"అప్పటికి నేను వేరే కిటికీలో ఉంటాను తాతా."

"అక్కడికీ వస్తా."

ముద్ర పడింది. ప్యాకెట్టు చిరిగింది. తలా ఒక బుష్షు దక్కింది.

ఇంటికి చేరాక కూతురు మెట్టు మీద చెంబెడు నీళ్ళు పోసి, కర్రను నొక్కి, మూడుసార్లు పరీక్షించింది. కర్ర మూడుసార్లూ జారలేదు.

"వెళ్ళు నాన్నా," అంది. "రోడ్డు మాత్రం దాటకు."

అంతట ఆ జితశత్రువు, ఆ ఏకరబ్బరుకిరీటధారి, ఏ చేతినీ పట్టుకోక, ఏ గోడనూ ఆశ్రయించక, గేటు తెరిచి, నూట పద్నాలుగు అడుగుల మహాపథాన్ని ఏకాకిగా జయించి, వీధి చివరి కరెంటు స్తంభాన్ని కర్రతో ఒకసారి తాకి, అక్కడ తనకు బొత్తిగా ఏ పనీ లేదని సంతృప్తిగా తేల్చుకుని, ఇంటికి తిరిగి వచ్చాడు.