వంతెన ఎత్తున పళ్ళ డాక్టరమ్మ క్లచ్చు విజయము

బాలభాస్కరుడు మేడలమీది నీళ్ళ ట్యాంకుల నెత్తిన కుంకుమకాంతులు చల్లుచుండగా, హారన్లు రణభేరులై దిక్కులు పిక్కటిల్లజేయుచుండగా, మేఘమండలమునకు నిచ్చెన వేసినట్లున్న వంతెన ఎత్తున, సగము దారిలో, ఎర్రదీపము ఎదుట, ఒక ముసలి కారు నిలిచియుండెను. అందు చోదకపీఠమున, దంతోత్పాటన ధురంధర, జ్ఞానదంత గర్వభంజని, పట్టకారు చేతబట్టినంతనే పహిల్వానులచేత అమ్మా అనిపించిన పళ్ళ డాక్టరమ్మ, అరచేతి చెమటకు స్టీరింగు జారిపోవుచుండగా బిక్కుబిక్కుమని కూర్చుండెను.

ప్రక్కసీటున గురుస్థానమున పతిదేవుడు. "ఇవాళ కూడా బండి ఆగిపోయిందనుకో, దీన్ని అమ్మేసి గేర్లు లేని కారు కొనేస్తా. నీ వల్ల కాదులే" అని ఆయన గుమ్మములోనే భీషణ ప్రతిజ్ఞ గావించియుండెను. వెనుకసీటున అత్తగారు, కోడలి పక్షమున నిలిచిన సైన్యమంతయు ఆమెయే.

పచ్చదీపము వెలిగెను. డాక్టరమ్మ వామపాదమున క్లచ్చును విడిచెను. అయ్యో, వెంట్రుకవాసి వేగముగా విడిచెను! కారు కోడెదూడవలె ఎగిరి, దగ్గి, తుమ్మి, ప్రాణములు వదలెను. వెనుకనున్న బస్సు మదపుటేనుగువలె ఘీంకరించెను.

"ఓరి లోహదండమా! దవడను మూడు వేర్లతో కరచిపట్టిన దంతరాక్షసులనే పెకలించిన ఈ హస్తమునకా నీవు లొంగవు? మొదటి గేరున పడెదవా, పాత ఇనుప కొట్టునకు పోయెదవా?" అని మనసున సింహనాదము చేసి, పైకి మాత్రము "ఏమండీ... మళ్ళీ ఆగిపోయింది" అని పిల్లికూనవలె పలికెను.

"ఎందుకాగదూ? నువ్వేసింది మూడో గేరు!" అని పతి నెత్తి బాదుకొనెను.

"నోర్ముయ్‌రా! నువ్వు సైకిలు నేర్చుకునేప్పుడు వీధిలో కుక్కలన్నీ గోడలెక్కి కూర్చున్నాయి" అని అత్తగారు అస్త్రము సంధించెను. "నువ్వు కానీయమ్మా. ఆ బస్సువాడికేం తొందర? తాళి కట్టాలా ఏం?"

అంతలో కిటికీ ప్రక్కకు ఒక స్కూటరు వచ్చి ఆగెను. దానిపై నిన్ననే ఆమెచేత పన్ను పీకించుకొని, బూరెవంటి బుగ్గతో, నోట దూదితో వెలుగొందుచున్న రోగి! అతడు పరమ కరుణతో వంగి, "బయపలకంలి డాక్తలమ్మా. నొప్పేం ఉంలదు. గత్తిగా ఊపిలి పీల్చంలి" అనెను. అవి ఆమె మాటలే. నిన్న అతని చెవిలో తాను చెప్పినవే.

సిగ్గును రోషము మ్రింగెను. ఆమె ఊపిరి పీల్చెను. హ్యాండ్‌బ్రేకు లాగి, తాళము త్రిప్పి, మొదటి గేరు వేసి, కొంచెము ఆక్సిలరేటరు త్రొక్కి, క్లచ్చును మెల్లమెల్లగా వదలసాగెను. అప్పుడు పాదము క్రింద సన్నని వణుకు! పన్ను ఊడివచ్చు ముందు వ్రేళ్ళకు తెలియు సడలింపు వంటిదది. "ఇదా! ఇదేనా మీరు రోజూ చెప్పే క్లచ్చు పట్టు? నాకు తెలుసిది!" అని కేకవేసి హ్యాండ్‌బ్రేకు దించెను.

కారు కదలెను! ఎర్రదీపము మరల వెలుగకమునుపే గీత దాటెను! బస్సు వెనుకనే చిక్కుకొని నిట్టూర్చెను.

"రెండో గేరు! రెండో గేరెయ్యవే!"

"ఎందుకురా? మొదటిది బాగానే ఉందిగా" అనెను అత్తగారు. డాక్టరమ్మ పకపక నవ్వెను; పతియు, కారు అమ్మెదనన్న ప్రతిజ్ఞ మరచి, ఆపుకొనలేక నవ్వెను.

వినుడు జనులారా! అట్లు ఆ వీరాంగన, ఇంజను ఆకాశమంటునట్లు అరచుచుండగా, ఉదయపు నడకకు వచ్చిన ఒక తాతగారిని స్వల్ప తేడాతో ఓడించి, జానెడైనను వెనుకకు జారక, వంతెన నడినెత్తికి చేరెను!