లచ్చమ్మ బర్రె కారిజంపై రెండు ప్రభుత్వాల నివేదికలు

హైదరాబాదు సంస్థానంలో పశువులకు రోగాలు లేవు. ఇది గాలికబురు కాదు. సికింద్రాబాదులోని పశురోగ పరిశోధనశాల పందొమ్మిదేళ్ళపాటు ఏటేటా నివేదిక రాసి, మొహరు వేసి, సర్కారుకు సమర్పించిన సత్యం. రోగాలే లేనప్పుడు రోగాల పరిశోధనశాల దేనికని అడిగే తుంటరులు ఆ రోజుల్లోనూ ఉన్నారు. రోగాలు లేవని రాయడానికైనా ఒక ఆఫీసు ఉండాలి కదా!

1948 జూన్‌లో ఆ ఆఫీసులో యెషయా శిక్షణకు చేరాడు. ఇరవై మూడేళ్ళవాడు, బన్సీలాల్‌పేట్ మిషను బడి పంతులమ్మ ప్రేమమణి కొడుకు. చచ్చిన పశువు లోపలి అవయవాల్లోంచి ముక్క తీసి, పలచగా కోసి, మైక్రోస్కోపనే భూతద్దం కింద పెట్టి, ఏ రోగంతో చచ్చిందో చెప్పడం అతను నేర్చుకోవలసిన విద్య. ఆరు నెలలకు సర్టిఫికెట్టు చేతికొస్తే నౌకరీ ఖాయం. ప్రేమమణి ఆ సర్టిఫికెట్టుకు మిషను గుడిలో ప్రత్యేక ప్రార్థన పెట్టించి, దాన్ని బిగించడానికి అద్దాల పటం కూడా ముందే కొని గోడకు తగిలించింది.

మొదటిరోజే యెషయాకు ఒక పెద్ద బాధ్యత అప్పగించారు. అంతకుముందటి దసరాకు ఆయుధపూజలో భూతద్దానికి పసుపు రాసి, సరిగ్గా కన్నుపెట్టే గాజుమీద కుంకుమబొట్టు పెట్టారు. పూజచేసిన బొట్టు తుడిస్తే అరిష్టం. కనుక ఎనిమిది నెలలుగా ఆ గాజులోంచి ఏం చూసినా ఎర్రగానే ఉండేది. ఎర్రగా ఉండటం రక్తపుష్టికి గుర్తని ఆఫీసువారు తీర్మానించి, సంస్థానంలోని పశువులన్నీ రక్తపుష్టితో కళకళలాడుతున్నట్టు ఆ ఏటి నివేదికలో రాశారు. యెషయా క్రైస్తవుడు గనుక అతను తుడిస్తే దోషం ఎవరికీ అంటదని అందరూ కలిసి గుడ్డముక్క చేతికిచ్చారు. అతను తుడిచాడు. ఆ తుడవడంతోనే అతని కష్టాలు మొదలయ్యాయి, ఎందుకంటే ఆ రోజునుంచి లోపల ఉన్నది ఉన్నట్టు కనబడసాగింది.

ఈ ఆఫీసుకు అధిపతి డాక్టర్ బ్రహ్మచారిగారు. షేర్వాణీ, రూమీ టోపీ, సన్నని మీసం. ఆయన భూతద్దంలో చూసి ఎరుగరు. చూడవలసిన అవసరమూ రాలేదు, ఎందుకంటే అక్కడ పద్ధతి వేరు. టైపిస్టు పదింటికే వచ్చేవాడు, భూతద్దం గది పదకొండుకు గాని తెరిచేవారు కాదు. ఆ గంటసేపూ టైపిస్టును ఊరికే కూర్చోబెట్టడం భావ్యం కాదని రిపోర్టు ముందే కొట్టించేసేవారు. తర్వాత తీరిగ్గా పరీక్ష జరిగేది. పరీక్షకూ రిపోర్టుకూ తేడా వస్తే, పరీక్ష మళ్ళీ చేయించేవారు.

యెషయాకు నిజంగా విద్య చెప్పినవాడు అటెండరు పర్వతాలు. పర్వతాలుకు అక్షరం ముక్క రాదు గాని, కారిజాన్ని, అంటే కాలేయాన్ని, బొటనవేలితో నొక్కి చూసి దాని జాతకం చెప్పగలడు. ముక్కను మందునీళ్ళలో నానబెట్టడం, మైనంలో పోతపోయడం, ఉల్లిపొర కన్నా పలచగా కోయడం, ఆ పొరను గోరువెచ్చని నీళ్ళమీద తేలించి గాజుపలకమీదికి ఎత్తుకోవడం, ఎరుపూ నీలమూ రంగులు పట్టించడం, అన్నీ ఆయనే నేర్పాడు. కోసేటప్పుడు చెవి కత్తి దగ్గర పెట్టమనేవాడు. మంచి కారిజమైతే కత్తికి చప్పుడు ఉండదనీ, పురుగుపట్టినదైతే ఇసక తగిలినట్టు గరగరమంటుందనీ చెప్పేవాడు. యెషయా రెండు నెలలు వేళ్ళు కోసుకుని మూడో నెలకు పనిమంతుడయ్యాడు. ఆ విద్యమీద అతనికి ప్రేమ పుట్టింది. ఆ ఆఫీసులో అలాంటి జబ్బు రావడం అదే మొదలు.

ఆగస్టులో మల్కాజ్‌గిరినుంచి లచ్చమ్మ వచ్చింది. రెండు బర్రెలు పెట్టుకుని పాలమ్ముకునే మనిషి. ఒకటి తెల్లారి చచ్చిపోతే దాని కారిజాన్ని బాల్చీలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, రైలుపట్టాల వెంబడి నడిచి తెచ్చింది. రెండోదానికి కూడా దవడ కింద నీరు దిగిందని, మేత ముట్టడం లేదని చెప్పింది.

"సచ్చింది ఎట్లనో సచ్చింది బిడ్డా," అంది యెషయాతో. "ఎందుకు సచ్చిందో జెర చెప్పు, ఉన్నదాన్నన్న దక్కించుకుంట."

అంత తెలివైన ప్రశ్న ఆ ఆఫీసులో పందొమ్మిదేళ్ళుగా ఎవరూ వేయలేదు. కారిజం కోస్తుంటే గరగరమంది. నాళాల్లోంచి చింతాకుల్లా చదునైన పురుగులు జారాయి. యెషయా పలక తయారుచేసి, చూసి, మళ్ళీ చూసి, సందేహం లేకుండా తేల్చుకున్నాడు. కారిజపు జలగ. దానికి మందు ఉంది. ఆ మందు పక్కగది బీరువాలోనే ఉంది. ఏటా కొత్త సీసాలు వచ్చేవి, పాతవి వాడకుండానే పారబోసేవారు. రోగం ఉందని రిపోర్టు వస్తే తప్ప బీరువా తెరవరాదని నియమం.

అతను పరుగున వెళ్ళేసరికి రిపోర్టు తయారై ఉంది. "సదరు బర్రె, మరణించుట మినహా, సంపూర్ణ ఆరోగ్యముతో ఉన్నది" అని అందులో ఉంది.

యెషయా పలక చూపించి ఒక్కసారి చూడమని బతిమాలాడు. బ్రహ్మచారిగారు నొచ్చుకున్నారు. "నువ్వు ఒక్క పలక చూసి మాట్లాడుతున్నవు యెషయా. నేను పందొమ్మిదేండ్ల రికార్డు చూసి మాట్లాడుతున్న," అన్నారు. మరి పురుగుల సంగతేమిటంటే, అవి కూడా సర్కారువారి రాజ్యంలో ఆరోగ్యంగానే ఉన్నాయి కదా అన్నారు.

సెప్టెంబరులో పోలీసు చర్య వచ్చింది. పదమూడున షురూ అయి పదిహేడు సాయంత్రానికి నిజాం లొంగుబాటుతో ముగిసింది. ఊళ్ళో జనం తలుపులు వేసుకుని రేడియోలకు చెవులొగ్గారు. అటుపక్కా ఇటుపక్కా పోయినవాళ్ళ సంగతి చెప్పుకుంటే నవ్వురాదు, కనుక మనం పరిశోధనశాలకే వద్దాం. ఇరవయ్యో తారీఖున బ్రహ్మచారిగారు ఖద్దరు లాల్చీ, తెల్లటోపీతో ఆఫీసుకొచ్చారు. మీసం కూడా తీసేశారు. పర్వతాలు గేటు దగ్గర గుర్తుపట్టక పేరడిగాడు.

ఆ రోజే ఆయన ఒక చారిత్రక పరిశోధనకు పూనుకున్నారు. పందొమ్మిదేళ్ళ రిపోర్టులన్నిటినీ సరికొత్త దృష్టితో పరిశీలించి, మధ్యాహ్నం భోజనంలోపల, ఆ కాలంలో చచ్చిన ప్రతి పశువూ ఘోరమైన రోగంతో చచ్చిందని కనుక్కున్నారు. పలకల పెట్టెలు విప్పవలసిన అవసరం రాలేదు. లేదు అన్నచోట కలదు అని దిద్దించారు, అంతే.

యెషయా సంతోషానికి మేర లేదు. లచ్చమ్మ బర్రెకు రోగం కలదు! ఇక బీరువా తెరుచుకుంటుంది. తాళంచెవి కోసం వెళితే రిపోర్టు రెండో పేజీ చదవమన్నారు. "పై రోగములన్నియు బానిసత్వము వలన జనించినవి. కావున పదిహేడవ తేదీ సాయంత్రముతో సమూలముగా నివారణమైనవి. మందు అనవసరము." కింద పరీక్షకుని సంతకానికి ఖాళీ వదిలారు. పరీక్షకుడు యెషయాయే. సంతకం పెడితే సర్టిఫికెట్టు, పెట్టకపోతే కొత్త ప్రభుత్వంలో రోగాలున్నాయని పుకారు పుట్టించిన నేరం.

అతను రెండు రోజులు పెట్టలేదు. ఇంట్లో గోడమీది ఖాళీ పటం వంక చూడలేక తల వంచుకు తిరిగాడు. మూడోరోజు లచ్చమ్మ బర్రెను నడిపించుకుంటూ గేటు దగ్గరికే తెచ్చింది. అది వచ్చి అక్కడే కూలబడింది.

పర్వతాలు యెషయాను పక్కకు పిలిచాడు. "సంతకం కాయితం మీద పెట్టు, మందు బర్రెకు పొయ్యి," అన్నాడు. "గీ రెండు పనులకు ఏం సంబంధం?"

యెషయా సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం పర్వతాలు మేకుతో తాళం తిప్పి బీరువా తెరవగా, షెడ్డు వెనక వెదురుగొట్టంతో ఇద్దరూ కలిసి బర్రెకు మందు తాగించారు. లచ్చమ్మ దాని మూతి ఎత్తి పట్టుకుంది. ఎవరైనా అడిగితే పలకలు కడగడానికి వాడామని చెబుదామనుకున్నారు. ఎవరూ అడగలేదు. వరసన మూడుసార్లు పోశారు. నెల తిరిగేసరికి బర్రె నెమరు వేస్తూ తోక ఊపుతూ రెండుపూటలా పాలిచ్చింది. యెషయాకు ఆ నెలంతా పండగే.

బర్రె బతికిందన్న కబురు బ్రహ్మచారిగారి చెవిని పడింది. పాత ప్రభుత్వంలో చావబోయిన బర్రె, కొత్త ప్రభుత్వంలో మందు లేకుండా బతికింది! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? నవంబరులో పెద్ద పందిరి వేసి సభ చేశారు. బర్రెకు స్నానం చేయించి, కొమ్ములకు మూడు రంగుల రిబ్బన్లు కట్టి, వేదిక ఎక్కించారు. వేదికమీద అది ఒక్కటే ఏమీ ఆశించకుండా నిలబడింది. బ్రహ్మచారిగారు గంటన్నర మాట్లాడారు.

"సోదరసోదరీమణులారా! ఈమె కారిజంలో ఉండినది జలగ కాదు, పరపాలన! ఈమెను బతికించినది సీసాలో మందు కాదు, ఈ కొమ్ములకున్న రిబ్బను! ఈ మహత్తర పరిశోధనలో నాకు తోడ్పడిన యువశాస్త్రజ్ఞుడు యెషయా!"

బర్రె ఆయన మెడలోని బంతిపూలదండ అందుకుని సగం నమిలింది. మర్నాటి పత్రిక దాన్ని ఆకలి పుంజుకోవడానికి నిదర్శనంగా రాసింది. యెషయాకు ఆరు నెలలు నిండకముందే వేదికమీద సర్టిఫికెట్టు ఇచ్చారు. ముందువరసలో ప్రేమమణి కళ్ళొత్తుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. తల్లి చూస్తోంది, పెద్దలు చూస్తున్నారు, యెషయా కూడా కొట్టాడు.

డిసెంబరుకల్లా మల్కాజ్‌గిరిలో పదకొండు బర్రెలకు, అల్వాల్‌లో ఇరవైకి దవడ కింద నీరు దిగింది. పరిశోధనశాల వెంటనే కదిలి, ఒక్కో బర్రెకు రెండేసి గజాల చొప్పున రిబ్బను పంపింది. యెషయా ఇక పట్టలేకపోయాడు. నౌకరీ పోతే పోయిందనుకున్నాడు. వెదురుగొట్టం, సంచీనిండా సీసాలు తీసుకుని మల్కాజ్‌గిరి వెళ్ళి, జనాన్ని పోగుచేసి, ఉన్నమాట చెప్పాడు. బర్రెను బతికించింది మందేననీ, రిబ్బను సంగతి వట్టి అబద్ధమనీ, కావాలంటే లచ్చమ్మనే అడగమనీ అన్నాడు.

జనం లచ్చమ్మ వైపు తిరిగారు. ఆమె ముందుకొచ్చింది. అబద్ధమాడే మనిషి కాదు.

"మందు పోసింది నిజమే బిడ్డా," అంది. "మూతి నేనే పట్టిన. గని మందుతోటి బతికితే గంత పెద్దోళ్లు దండలెందుకు తెస్తరు? పేపర్ల ఎందుకేస్తరు? మేం సదువురానోళ్లం, మాకేం ఎరుక. అన్నీ ఎరుకైనోడివి నువ్వు సుత ఆ దినం సప్పట్లు కొట్టినవు గద."

యెషయా సంచీలోంచి సీసా తీస్తుండగానే లచ్చమ్మ పక్కింటాయన రిబ్బను ముక్క పళ్ళతో తెంపి, తన బర్రె కొమ్ముకు కట్టి, బాగా బిగిసిందో లేదో లాగి చూసుకున్నాడు.