గరుడుడి తోక మీద కుంకుమ బొట్టు

తేటగా వచ్చిన ఫోటో మనిషికి పరమ శత్రువు. మసక ఫోటోయే ఆప్తమిత్రుడు! నవ్వకండి. డిటెక్టివ్ సీరియల్స్ రాసి బతికేవాణ్ణి, సాక్ష్యం లేకుండా మాట్లాడను.

తేట ఫోటో ఏం చేస్తుంది? కుదిరే సంబంధాన్ని చెడగొడుతుంది. రైలు సీజన్ టికెట్టు మీద మనల్ని దొంగలా చూపిస్తుంది. అదే మసక ఫోటోలోనా? ప్రతి పెళ్ళికొడుకూ హీరోయే, ప్రతి పిల్లీ పులే! అంతెందుకు, మా వెంకటపతి మామ పరువు నిలబెట్టింది మసక ఫోటోయే.

మామ తమిళనాట తిరుత్తణి దగ్గర మా ఊరు కే.జీ.కండిగైలో గుడి ధర్మకర్త. మొన్న వేసవిలో కుంభాభిషేకం చేయించాడు. కలశం మీద నీళ్ళు పోసే వేళకు ఆకాశంలో గరుడపక్షి తిరగాలని మా వైపు నమ్మకం. తిరిగితేనే దేవుడు ఒప్పుకున్నట్టు. లేకపోతే అంతా మళ్ళీ మొదటి నుంచి!

పక్షి వచ్చింది. తిరిగింది. సరిగ్గా అప్పుడే పైనుంచి తీర్థం చల్లారు. ఊరంతా కళ్ళు మూసుకుని చేతులెత్తింది. కన్ను తెరిచి ఉన్నది నా బాక్స్ కెమెరా ఒక్కటే. నావీ మూసుకునే ఉన్నాయి, అది వేరే సంగతి!

సాయంత్రానికి లోకనాథం బయల్దేరాడు. ధర్మకర్త పదవి మీద అతనికి ఎప్పటినుంచో కన్ను.

"వచ్చింది గరుడుడు కాదబ్బా, ఉత్త గద్ద! కుంభాభిషేకం చెల్లదు. వెంకటపతిని దిగిపొమ్మనండి!"

ఇక మామ పదవంతా నా ఫోటో మీదే ఆధారపడింది. తిరుత్తణి స్టూడియోలో కడిగించి తెచ్చాను. గోపురం ఒక పక్కకు ఒరిగింది. ఆకాశంలో ఈగంత మచ్చ. గరుడుడైతే తల తెలుపు, ఒళ్ళు ఇటుక రంగు. నలుపు తెలుపు ఫోటోలో ఇటుక రంగు ఎక్కణ్ణుంచి వస్తుంది? మిగిలింది తోక. చివర గుండ్రంగా ఉంటే గరుడుడు, చీలి ఉంటే గద్ద.

గుడి మండపంలో ఊరంతా చేరింది. నేను భూతద్దం తీశాను. నా సీరియల్ హీరో అయితే సిగరెట్ బూడిద చూసి హంతకుడి చెప్పుల సైజు చెప్పేస్తాడు. నాకు మాత్రం చిన్న మచ్చ పెద్ద మచ్చగా కనిపించింది.

"ఏం అల్లుడా, తోక యాడుండాది?" మామ నా భుజం మీంచి తొంగి చూశాడు.

"ఇదిగో మామా, ఇటువైపు... కాదు, అది ముక్కేమో."

"ఇదేంది సామీ!" అన్నాడు లోకనాథం. "ముక్కుకీ తోకకీ తేడా తెలీనోడు హంతకుల్ని పట్టిస్తాడంట!"

మండపం గొల్లుమంది. అప్పుడే మా ఇంద్రాణి అత్త పళ్ళెంతో వచ్చింది.

"గరుడుడి పటాన్ని ఉత్తగా పెట్టుకోని కూసున్నారే! జరగండి."

గంధం రాసింది, కుంకుమ బొట్టు పెట్టింది. ఏది తోకో నాకు తెలియలేదు కదా, ఆవిడకూ తెలియలేదు. అందుకని మచ్చకు రెండు కొసలా రెండు బొట్లు!

"అక్కా, తోక మూసేస్తివే!" లోకనాథం అరిచాడు.

"సెరి, తుడిచి చూసుకో. దేవుడి బొట్టు తుడిచే మొగోడెవడో నేనూ చూస్తా."

ఎవరు తుడుస్తారు? ఊరు ఊరంతా లోకనాథాన్నే చూసింది. అతను మెల్లగా చెంపలు వేసుకున్నాడు. సాక్ష్యాన్ని ఇంత శుభ్రంగా మాయం చేసే హంతకుణ్ణి ఇన్నేళ్ళలో నేను సృష్టించలేకపోయాను!

మామ ఆనందం పట్టలేక నా ఫోటో కూడా గుడి మండపంలో ఆ పటం పక్కన పెడతానన్నాడు. మా ఊరి కుర్రకారు చదివేది తమిళం, నా రాత కాకపోయినా మొహమైనా తెలుస్తుందని పొంగిపోయాను. ఈ శీర్షిక పైన వారం వారం అచ్చయ్యే ఫోటోనే పంపాను.

పోయిన నెల వెళ్ళి చూద్దును కదా, అత్త చేతి అలవాటు! నా ఫోటోకూ దండ, బొట్టు. అత్తిమంజేరిపేట నుంచి దర్శనానికి వచ్చిన ఒక అవ్వ నా పక్కనే నిలబడి దణ్ణం పెట్టింది.

"ఎవురు నాయనా ఈయన? పాపం, ఎప్పుడు పోయినాడు?"

"అది నేనే అవ్వా!"

అవ్వ ఫోటోను చూసింది. నన్ను చూసింది.

"పో నాయనా. పోయినోళ్ళతోనా ఎగతాళి?"

ఎడిటర్ గారూ! మసక ఫోటో గురించి పైన రాసిందంతా అక్షరాలా నిజం, పక్షుల విషయంలో. నా ఫోటో మాత్రం కాస్త తేటగా వేయించండి. కుదరదంటారా? కనీసం దాని కింద "ఇంకా ఉన్నాడు" అని ఒక్క ముక్క అచ్చు వేయించండి!