కారు పూర్తయితే కొంప మునిగినట్టే!

షోరూముకు వెళ్లి కారు కొనుక్కునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. తాళం తిప్పుతారు, బండి కదులుతుంది. అంతే! అందులో బతుకెక్కడుందో మీరే చెప్పండి?

కారన్నది కట్టుకోవాలండీ! ఓ పాత కారు చవగ్గా తెచ్చుకుని, దాని ఇంజను, గేరుబాక్సు, స్టీరింగు ఊడబెరికి, కంపెనీవాడు పంపిన కొత్త చట్రానికి బిగించి, పైన ఫైబరు బాడీ తొడిగితే స్పోర్ట్స్ కారు సిద్ధం. ‘ఇంట్లో ఉండే పనిముట్లతో, సెలవురోజుల్లో సరదాగా’ అని కరపత్రంలో ఉంది. ఏ జన్మ సెలవురోజులో రాయలేదు. అది వాళ్ల మర్యాద.

నా పేరు డెరిక్. ఇంగ్లండులోని బర్న్‌లీలో ఇల్లిల్లూ తిరిగి గ్యాస్ మీటర్లు చూసే ఉద్యోగం. మా వంటింటి అలమారా తలుపు నేను బాగుచేసిన నాటి నుంచి మళ్లీ తెరుచుకోలేదు. ఇంతటి పనిమంతుణ్ణి కాబట్టే ధైర్యంగా దిగాను.

నేను కొన్న పాత కారు కిటికీల్లో నాచు మొలిచి ఉంది. డోరు లాగితే డోరొక్కటే రాలేదు, అది వేలాడే ఇనప కమ్మీని కూడా తోడు తెచ్చుకుంది. విప్పే శ్రమ సగం తప్పింది! తుప్పుకు ఇన్ని సుగుణాలున్నాయని ఎవరైనా బడిలో చెప్పారా? మిగతా నట్లకు నూనె పోశాను, సుత్తితో కొట్టాను, బతిమాలాను, తిట్టాను. చివరికి తిరిగాయి. తిరిగి, విరిగాయి. నా వేళ్ల మీద చర్మం పోయింది, నడుం పోయింది. జిమ్ముకు వెళ్తే ఇంత వ్యాయామం దొరుకుతుందా!

పక్కింటి సిరిల్ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. రోజూ టీ కప్పుతో గ్యారేజీకి వచ్చి నిలబడేవాడు.

“ఏమయ్యా డెరిక్, ఇది కారా, నీ శవానికి చేయిస్తున్న పెట్టా?”

“ఏది ముందు అవసరమైతే అది,” అన్నాను.

ఇక మా ఆవిడ మ్యూరియల్. అప్పటికి మా ఇద్దరి మధ్య మిగిలిన సంభాషణ “టీ తాగుతావా?”, “ఆఁ.” తగాదాలేమీ లేవు. తగాదా పడటానికైనా ఏదో ఒక విషయం ఉండాలి కదా!

అలాంటిది, బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయాల్సి వచ్చింది. ఒకరు పెడలు తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర పడుకుని నట్టు వదులు చేయాలి. సిరిల్ మోకాలి ఆపరేషనుకు ఆసుపత్రిలో చేరాడు. గత్యంతరం లేక మ్యూరియల్‌ని పిలిచాను. సీటింకా బిగించలేదు. పాలడబ్బాల పెట్టె బోర్లించుకుని కూర్చుంది.

“తొక్కు.”

“తొక్కా.”

“అలాగే పట్టి ఉంచు... ఇప్పుడు వదిలెయ్.”

“దేన్ని? నీ మీద ఆశనా? అదెప్పుడో వదిలేశాగా!”

నవ్వొచ్చి స్పానరు జారింది. బ్రేకు నూనె చొక్కా చేతిలోకి పోయింది. అది చూసి తను పగలబడి నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు విని ఎంత కాలమైందో!

కారు కింద పడుకున్న మొగుడు లేచి పారిపోలేడు. కాబట్టి విన్నాను. వాళ్ల నాన్న రొట్టెల వ్యాను మీద తను డ్రైవింగు నేర్చుకుందట. పై కప్పు లేని కారులో సముద్రం పక్కన వెళ్లాలని పడుచుతనంలో కోరికట. ఇన్నేళ్లు కాపురం చేసినా నాకివేవీ తెలియవు!

మరుసటి శనివారం పిలవకుండానే వచ్చింది. “గాలి ఇంకా ఉందా?”

“బోలెడుంది,” అన్నాను.

కానీ ఆ పాపిష్టి రోజు రానే వచ్చింది. కారు పూర్తయింది. రోడ్డెక్కడానికి అనుమతిచ్చే తనిఖీ ఆఫీసరు కారు చుట్టూ తిరిగి, కిందా మీదా చూసి, “పాస్” అన్నాడు. ఇంత నిర్దయా!

మోర్‌కమ్ సముద్రతీరానికి వెళ్లాం. వాన పడింది. మాది పై కప్పు లేని కారని దానికి ముందే తెలిసినట్టుంది. ఒళ్లో నీళ్లు నిలిచాయి. గాలి హోరుకు, సైలెన్సరు మోతకు, ఒకరి మాట ఒకరికి వినపడలేదు.

ఇంటికొచ్చాం. సిరిల్ కర్ర పట్టుకుని వచ్చి చూశాడు. “బాగుందయ్యా,” అని వెళ్లిపోయాడు. పూర్తయిన కారు గురించి ఇంకేం మాట్లాడతాడు? మ్యూరియల్ టీవీ ముందు కూర్చుంది.

“టీ తాగుతావా?”

“ఆఁ.”

అందుకే పాఠకులారా, చేతులు జోడించి చెబుతున్నాను. కారు మొదలుపెట్టండి, పూర్తి మాత్రం చేయకండి! చక్కగా నడిచే బండికి మనిషితో పనుండదు.

ఆదివారం నేను తుడిచిన బానెట్టునే తుడుస్తూ కూర్చున్నాను. మ్యూరియల్ చొక్కా చేతులు మడుచుకుంటూ గ్యారేజీలోకి వచ్చింది.

“డెరిక్, గేరుబాక్సులో ఏదో చప్పుడొస్తోంది.”

“నాకేం వినపడలేదే?”

“నీ చెవులు ఎప్పుడు పనిచేశాయి గనక? మోర్‌కమ్ నుంచి దారంతా విన్నాను.”

ఇంజను స్టార్టు చేశాను. వంగి, చెవి పెట్టి, ఊపిరి బిగబట్టి విన్నాను. అంత నిశ్శబ్దంగా నడిచే గేరుబాక్సును నా జన్మలో చూడలేదు.

“అమ్మో, పెద్ద చప్పుడే!” అన్నాను. “మొత్తం విప్పాల్సిందే.”