మొండయ్య ఆవుకు తగిలిన దిష్టి

తుకుం వాడలో ఇంటింటికీ కేబుల్ తీగలు లాగుతున్న రోజులవి. బొగ్గుగనిలో పనిచేసే మొండయ్య ఆరోజు పొద్దున్నే పెద్ద పథకం వేశాడు. ముందురోజు ఈనిన జెర్సీ ఆవు ముర్రుపాలన్నీ పిండి వాడంతటికీ జున్ను పంచాలి. అంతటి ఆవు ఆ వాడలో ఇంకెవరికీ లేదు మరి.

“గంత పిండకయ్యా, జర పొదుగుల ఉండనియ్యి,” అంది భార్య సమ్మక్క.

“నీకేం దెల్సు? ఇర్వై ఇండ్లున్నయి,” అంటూ మొండయ్య ఆఖరి చుక్క దాకా లాగాడు.

“మరి ఎదురింటి రాజక్కకు?”

“ఆమె గోడ మీదికెల్లి మన కేబుల్ తీగ పోనియ్యలే. ఒక్క ముక్క గూడ ఇయ్యద్దు.”

జున్ను పంచుతున్నంతసేపూ రాజక్క గడపలో నిలబడి ఆవు వైపే చూసింది. ఆమె లోపలికి వెళ్లిన కాసేపటికి ఆవు తూలి కూలబడింది. మెడ డొక్కలోకి ముడుచుకుంది, చెవులు చల్లబడ్డాయి. పెయ్యగా ఉన్నప్పటినుంచీ చేత్తో మేపి పెంచిన సమ్మక్క దాని తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

“రాజక్క కన్ను వడ్డది! ఆమె గడప ముంగట మన్ను దెచ్చి దిగదీస్తెనే లేస్తది!” అని మొండయ్య అరిచాడు. జున్ను తిన్నవాళ్లంతా తిన్న విశ్వాసం కొద్దీ అవునన్నారు.

వెళ్లి చూస్తే రాజక్క ఇంటికి తాళం. “చూసిన్రా, చేసేదంత జేసి పారిపోయింది!” అంటూ మొండయ్య ఆమె గడప ముందు తవ్వసాగాడు. చేతులతో కావడం లేదని పక్కింటి పోశం గడ్డపార తెచ్చిచ్చాడు.

అంతలో ఆటో ఆగింది. రాజక్క దిగింది, వెనకే పశువుల డాక్టరు.

“తమ్మీ, పొద్దటిసంది ఆవు కాళ్లు వణుకుతుంటె జూస్తున్న. రాజురాల ఉన్నప్పుడు మా ఆవు గిట్లనే వణికి, వడి సచ్చిపోయింది. నీకు జెప్దమంటె మన నడుమ మాటల్లేవాయె. అందుకే డాక్టర్‌ను దోల్కచ్చిన,” అంది రాజక్క.

డాక్టరు ఆవు మెడ నరంలోకి కాల్షియం సీసా మెల్లగా ఎక్కిస్తూ అడిగాడు: “అరే బాబా, దూద్ మొత్తం ఎవరు పిండిన్రు? ఈనినంక రెండు మూడు దినాలు పొదుగు ఖాళీ చెయ్యొద్దు. దీని నెత్తుట్ల ఉన్న కాల్షియమంత పాలల్లకు పోయింది. మీరు దిష్టి అంటున్నరు గని, నజర్ లేదు, గిజర్ లేదు.”

వాడ వాడంతా జున్ను గిన్నెలు వీపు వెనక దాచుకుంది. మొండయ్యకు సిగ్గుతో భూమిలోకి కుంగిపోవాలనిపించింది. గుంత ఎలాగూ తవ్వే ఉంది.

“గిదేంది?” అంది రాజక్క, ఆ గుంతను చూసి.

పోశం గడ్డపారతో సహా మెల్లగా జారుకున్నాడు. “తప్పయింది అక్కా,” అన్నాడు మొండయ్య నేలచూపులు చూస్తూ.

అరగంటకు ఆవు తడబడుతూ లేచింది. రాజక్క కాక, ఆ పూట ఆ వాడలో తలెత్తుకుని నిలబడింది అదొక్కటే.