ఐదు స్పీకర్లు, ఒక తీర్పు

ఆదివారం ఉదయం ఆరున్నరకే సర్వేయరు కొలత టేపు పట్టుకుని హాల్లో మోకాళ్ల మీద పాకుతున్నాడు. ఆ రోజు పదకొండింటికి ఆయన భార్య గొంతు మొదటిసారి టీవీలో వినబడబోతోంది. ఒక పరభాషా సీరియల్లో జడ్జిగారికి తెలుగు గొంతు ఆవిడదే. వినడానికి మామగారు వస్తున్నారు. వేరేవాళ్ల నోటికి మాటలు అందించడం కూడా ఒక ఉద్యోగమేనా అని రెండేళ్లుగా కూతురితో ముక్తసరిగా మాట్లాడుతున్న మనిషి, "సరే, ఒక్కసారి విని చూస్తాను" అన్నారు. ఆ ఒక్కసారి కోసం ఆవిడకు వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు.

టీవీ ఉన్నదున్నట్టు పెట్టుకుని వింటే సరిపోయేది. కానీ సర్వేయరుకు భార్య మీద ప్రేమ పొంగుకొచ్చింది. అటక మీద పడున్న సరౌండ్ స్పీకర్లు ఐదింటినీ దించి, టీవీ సొంత గొంతు నొక్కేశాడు. వాటి తీగలు బిగించే పెట్టె వెనక ఒకటి నుంచి ఐదు దాకా అంకెలున్నాయి. ఏ అంకె ఏ స్పీకరుదో చెప్పే కాగితం కూడా ఉంది. అది చదవడం ఆయనకు నామోషీ. వాళ్ల ఆఫీసులో ఏ స్థలానికైనా వాయవ్య మూల నుంచి మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే వైపుగా నంబర్లు వేస్తారు. ఇరవై ఏళ్లుగా వేల ఎకరాలకు అలాగే వేసినవాడికి పదిహేను అడుగుల హాలు ఒక లెక్కా? స్పీకర్లకూ అలాగే వేశాడు.

"ఏమండీ, ఆ కాగితం ఓసారి చూడకూడదూ?" అంది భార్య.

"అవి రాసేవాళ్లకి దిక్కులు తెలీవు" అన్నాడు.

పరీక్షకు సీరియల్ వచ్చే చానెల్లోనే నడుస్తున్న ఒక సినిమా పెట్టారు. హీరో ఎదురుగా నోరు కదుపుతుంటే మాటలు సోఫా వెనకనుంచి వచ్చాయి. దూరంలో తేడా ఉందని సర్వేయరు తేల్చాడు. సోఫాను రెండడుగులు ముందుకు లాగాడు, మూడడుగులు వెనక్కి నెట్టాడు, అడ్డం తిప్పాడు. భోజనాల బల్ల బాల్కనీలోకి వెళ్లింది. పూలకుండీ స్నానాల గదిలోకి వెళ్లింది. మాటలు మాత్రం వీపు వెనకే ఉండిపోయాయి.

పదింటికి తలుపు తట్టిన చప్పుడైంది. భార్య లేవబోయింది.

"కూర్చో. సినిమాలోది. ఎంత సహజంగా వస్తోందో విన్నావా?"

మళ్లీ తట్టారు. "అది కుడివైపు వెనక స్పీకరు" అన్నాడు తృప్తిగా. కాసేపటికి బెల్లు మోగింది. అదీ బాగుందన్నాడు. పదిన్నరకి, "అమ్మాయీ, ఇంట్లో ఉన్నావా?" అని ఒక నీరసమైన గొంతు వినబడింది.

"ఈ ముసలాయన ఎవరో బాగా చేస్తున్నాడు" అన్నాడు సర్వేయరు.

"ఆ ముసలాయన మా నాన్నండీ" అంది భార్య, అప్పటికే తలుపు వైపు పరిగెడుతూ.

మామగారు అరగంట నిలబడ్డ కాళ్లతో లోపలికొచ్చి, అడ్డంగా ఉన్న సోఫా చివర కూర్చున్నారు. "మనుషులు తలుపు తడితే మీకు వినబడదన్నమాట. పదకొండున్నరకి వెళ్లిపోతాను" అన్నారు. భార్య మొహం పాలిపోయింది. అది చూశాక సర్వేయరు పౌరుషం చంపుకుని కాగితం విప్పాడు. మాటలన్నీ మధ్య స్పీకరులోంచే రావాలని అందులో మొదటి వాక్యంలోనే ఉంది. గబగబా తీగలన్నీ పీకి వరసగా బిగించాడు. నాలుగు స్పీకర్లు సరిగ్గా పలికాయి. మధ్యదాని తీగ మాత్రం పొద్దుటినుంచీ సోఫా కాళ్ల కింద నలిగి నలిగి రెండు ముక్కలైంది. పోనీ టీవీ గొంతే మళ్లీ తెప్పిద్దామంటే రిమోటు ఏ సామానుతో పాటు ఏ గదిలోకి వెళ్లిందో ఎవరికీ తెలియదు.

పదకొండయింది. తెరమీద కోర్టు హాలు. కుర్చీలు కిర్రుమన్నాయి, కాగితాలు రెపరెపలాడాయి. జడ్జిగారు నోరు విప్పారు. ఏమీ వినబడలేదు. మామగారు గడియారం చూసుకున్నారు.

అప్పుడు భార్య లేచి వెళ్లి టీవీ పక్కన నిలబడింది. "సాక్ష్యాలన్నీ ఈ కోర్టు పరిశీలించింది" అంది, జడ్జిగారి పెదవులకు అతికినట్టుగా. రికార్డింగు గదిలో పద్దెనిమిదిసార్లు చెప్పిన మాటలవి. లాయరు లేస్తే లాయరైంది, ముద్దాయి ఏడిస్తే ముద్దాయైంది. చివర్లో కాస్త తొందరపడిందేమో, ఆమె మాటలన్నీ అయిపోయినా జడ్జిగారి పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆవిడ తడుముకోలేదు.

"ముద్దాయి కాగితం చదవకుండా తీగలు బిగించాడు. చెబితే వినలేదు. వయసులో పెద్దాయన్ని అరగంట గుమ్మంలో నిలబెట్టాడు. ఇకమీదట ఇంట్లో ఏ యంత్రాన్నీ ముట్టుకోరాదని ఈ కోర్టు ఆదేశిస్తోంది."

సుత్తి దెబ్బ మాత్రం నాలుగు స్పీకర్లలోంచీ ఖణేల్మని వచ్చింది.

మామగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. "నీ గొంతు ఇంత బాగుంటుందని నాకు తెలీదమ్మా" అన్నారు.

"పాతికేళ్లు మీ ఇంట్లోనే మాట్లాడాను నాన్నా."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "రేపు కూడా ఉందా ఇది?" అని అడిగారు. ఉందంది. "వస్తాను" అని, అల్లుడి వైపు తిరిగారు. "బాబూ, ఆ తెగిన తీగ మాత్రం బాగుచెయ్యకండి."

కోర్టు ఉత్తర్వులు ముందే ఉన్నాయి కాబట్టి సర్వేయరు తలూపి ఊరుకున్నాడు.